ఎర్ర అట్ట నోటుబుక్కు: బెంగళూరులో ఒక హవల్దారు అటెండెన్స్ అలవెన్స్ కేసు

నేను బెంగళూరులో మెడికల్ సోషల్ వర్కర్‌ని. వెన్నుపూసకు దెబ్బ తగిలినవాళ్ళు ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళాక వాళ్ళకి ఏం కావాలో చూడటం నా పని, అంటే సగం రోజు వీల్‌చెయిర్లతో, మిగతా సగం కాగితాలతో గడుస్తుంది. ఉల్సూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్స్ సెంటర్ ఉంది, ఏఎస్‌సీ సెంటర్ ఉంది, ఇలాంటి ఆర్మీ సెంటర్లు ఇంకా రెండు మూడు ఉన్నాయి. ట్రైనింగుకో పోస్టింగుకో వచ్చి, రిటైరయ్యాక పిల్లల చదువుల కోసం ఇక్కడే ఉండిపోయిన తెలుగు ఫౌజీలు కేఆర్ పురం నుంచి హొరమావు దాకా చాలామంది ఉన్నారు. మా దగ్గర తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వాళ్ళ ఫైళ్ళు తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వస్తాయి.

ఇప్పుడు రాస్తున్నది అందులో ఒక కేసు, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సిన మాజీ సైనికుడికి పెన్షన్‌తో పాటు ఇచ్చే అటెండెన్స్ అలవెన్స్ గురించి. భార్యాభర్తలిద్దరికీ చదివి వినిపించి, సరే అన్నాకే రాస్తున్నాను. మనిషి ఎవరో తెలిసిపోయే వివరాలు కొన్ని మార్చాను, కాగితాల సంగతి మాత్రం మార్చలేదు.

ఆయనది గిద్దలూరు వైపు. ఇంజినీర్స్ కోర్‌లో హవల్దారు. 2012లో అరుణాచల్‌లో రోడ్డు పని మీద వెళ్తుంటే బండి పల్టీ కొట్టింది, ఛాతీ ఎత్తులో నాలుగో పూస, అయిదో పూస దగ్గర వెన్ను నలిగింది. ఏడాది పాటు ఆసుపత్రులు, తర్వాత 2013లో మెడికల్ బోర్డు పెట్టి ఇంటికి పంపారు, వాళ్ళ భాషలో 'బోర్డు అవుట్'. వైకల్యం 60 శాతం, సర్వీసు వల్లే వచ్చిందని బోర్డు ఒప్పుకుంది. అప్పట్లో కర్ర పట్టుకుని నడిచేవారు. ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా కొన్నేళ్ళు చేశారు కూడా.

2020లో చేతుల్లో తిమ్మిరి మొదలైంది. టీ గ్లాసు వేడి తెలియక వేలు కాలింది, అదీ మొదటి గుర్తు. ఎమ్మారై తీస్తే వెన్నుపాము లోపల నీటి తిత్తి ఉంది, పాత దెబ్బ దగ్గర మొదలై మెడ దాకా పాకింది. సిరింగోమైలియా అంటారు దీన్ని. దెబ్బ తగిలినచోట మచ్చ కట్టి వెన్నులోని ద్రవం సరిగ్గా పారదు, లోపల గుంట పడి మెల్లగా పెరుగుతుంది, ఏళ్ళ తర్వాత కూడా బయటపడుతుంది. ఆపరేషన్ చేశారు. పెరగడం ఆగింది గానీ పోయింది తిరిగి రాలేదు. 2023 చివర్లో, పిరుదు దగ్గర పడిన పుండుతో మా దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ళు పూర్తిగా పోయాయి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి, మూత్రానికి ట్యూబు. తల మాత్రం మనందరికంటే చురుగ్గా పనిచేస్తుంది. మొదటి రోజే నన్ను "తమ్ముడూ, నీ కుర్చీ చక్రం కిర్రుమంటోంది, నూనె వెయ్యి" అన్నారు.

చూసుకునేది భార్య ఒక్కరే. కొడుకు హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం, కూతురు ఇక్కడే నర్సింగ్‌లో చేరబోతోంది.

మొదటి తప్పు నాదే, అది ముందు చెప్పేస్తాను. ఆవిడ తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో 2013 బోర్డు కాపీ పైనే ఉంది, అందులో 60 శాతం అని ఉంది. అది చూడగానే ఎగిరాను. ఆర్మీలో 'బ్రాడ్ బ్యాండింగ్' అని ఒకటుంది: వైకల్యం 50 లోపు ఉంటే 50గా, 50కీ 75కీ మధ్య ఉంటే 75గా, 75 దాటితే 100గా లెక్కగట్టి పెన్షన్ ఇస్తారు. 1996 నుంచి బోర్డు అవుట్ అయినవాళ్ళకి ఇది వర్తిస్తుంది. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్ళకీ ఇవ్వాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈయనకి 60కే ఇస్తున్నారు, 75 రావాలి అనుకుని దరఖాస్తు రాయించాను, పంపించాను, నాలుగు నెలలు ఎదురుచూశాం. జవాబు వచ్చింది: 75 శాతం లెక్కనే మొదటి నుంచీ ఇస్తున్నాం, పీపీవో (పెన్షన్ ఎంతో రాసి ఇచ్చే ఉత్తర్వు) చూసుకోండి. కవర్లో అడుగున ఉంది ఆ పీపీవో. నేను చదవలేదు. ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు సైనిక పెన్షన్ల వెబ్‌సైటు అయిన స్పర్శ్ పోర్టల్లో లాగిన్ చేయించి పెన్షన్ స్లిప్పులో సర్వీస్ ఎలిమెంట్ (సర్వీసుకి ఇచ్చే భాగం) ఎంత, డిజెబిలిటీ ఎలిమెంట్ (వైకల్యానికి ఇచ్చే భాగం) ఎంత అని విడివిడిగా రాసుకున్నాకే మాట్లాడుతున్నాను. బోర్డు కాగితం చెప్పేది జబ్బు గురించి, పీపీవో చెప్పేది డబ్బు గురించి, ఆ రెంటినీ ఒకటిగా చూశాను.

ఆ నాలుగు నెలల్లో ఆవిడ ఒక ప్రశ్న అడిగారు, చాలామంది అడిగేదే. "బోర్డర్లోనే కదా తమ్ముడూ పడింది, మరి యుద్ధంలో దెబ్బ తిన్నవాళ్ళకి ఇచ్చేది మాకెందుకు రాదు?" న్యాయమైన ప్రశ్న. డ్యూటీలో బండి బోల్తా పడితే అది సర్వీసు వల్ల వచ్చిన వైకల్యం, దానికి డిజెబిలిటీ పెన్షన్. శత్రువు చర్యలోనో, సరిహద్దు ఘర్షణలోనో తగిలితే వార్ ఇంజరీ పెన్షన్. మనిషి ఒకేలా మంచాన పడినా లెక్క వేరు. నూటికి నూరు శాతం వైకల్యానికి డిజెబిలిటీ ఎలిమెంట్ చివరి జీతంలో 30 శాతం, అదే వార్ ఇంజరీ ఎలిమెంట్ అయితే బోర్డు అవుట్ అయినవాళ్ళకి చివరి జీతమంత. ఇంత తేడా ఎందుకని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, ఉన్న రూలు చెప్పగలను. ఆయన మాత్రం "మా డ్రైవర్ ఆ రోజే పోయాడు, నేను లెక్కలు అడగను" అని అటు తిరిగి పడుకున్నారు. అంటే, ఆవిడ తిప్పితే తిరిగి పడుకున్నారు.

అసలు అడగాల్సింది వేరే ఉంది. కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్. వైకల్యం 100 శాతం ఉండి, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండితీరాలని మెడికల్ బోర్డు రాస్తే పెన్షన్‌తో పాటు నెలనెలా ఇచ్చే మొత్తం. ఏడో వేతన సంఘం తర్వాత 2017 జూలై 1 నుంచి ఇది 6,750 రూపాయలు, డీఏ (కరువు భత్యం) 50 శాతం పెరిగినప్పుడల్లా 25 శాతం పెంచాలన్నది లెక్క. 2024 జనవరి 1కి డీఏ 50కి చేరింది కాబట్టి ఇప్పుడు ఎనిమిది వేల పైచిలుకు. హవల్దారుకైనా ఆఫీసరుకైనా ఒకటే, ర్యాంకుతో పని లేదు.

దీని విలువ ఎంతో ఒక ఉదాహరణతో చూడండి. పెన్షన్ లెక్కకి తీసుకునే జీతం 40,000 అనుకుందాం. 100 శాతానికి డిజెబిలిటీ ఎలిమెంట్ 12,000, 75కి 9,000. అంటే 75 నుంచి 100కి ఎక్కితే పెరిగేది 3,000, దాని మీద డీఆర్ (పెన్షనర్లకి ఇచ్చే కరువు భత్యం). అటెండెన్స్ అలవెన్స్ ఒక్కటే ఆ 3,000కి రెండింతలు దాటుతుంది. మనవాళ్ళు శాతం కోసం ఏళ్ళ తరబడి కొట్లాడతారు, ఈ అలవెన్స్ అడగనే అడగరు. బోర్డుకి వెళ్ళేటప్పుడు దరఖాస్తులో "అటెండెంట్ అవసరం గురించి కూడా అభిప్రాయం రాయవలసిందిగా" అని ఒక వాక్యం లేకపోతే ఎవరూ గుర్తు చేయరు.

దారి ఏంటంటే రీ-సర్వే మెడికల్ బోర్డు. 2001 ఫిబ్రవరి ఉత్తర్వుల తర్వాత శాశ్వత వైకల్యం ఉన్నవాళ్ళని మాటిమాటికీ బోర్డుకి పిలవడం మానేశారు, ఒకసారి ఇచ్చిన శాతం జీవితాంతం నిలుస్తుంది. కానీ జబ్బు ముదిరిందని మనిషి తనంతట తాను అడిగితే మళ్ళీ బోర్డు పెడతారు. దరఖాస్తు ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకి, అక్కడి నుంచి మిలిటరీ ఆసుపత్రికి, బోర్డు అయ్యాక ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్లు మంజూరు చేసే పీసీడీఏ ఆఫీసుకి, చివరికి స్పర్శ్‌లో సవరించిన పీపీవో. ఒక మాట, మళ్ళీ పరీక్షిస్తే శాతం తగ్గే అవకాశమూ ఉంటుంది. ఓ మోస్తరు వైకల్యం ఉన్నవాళ్ళకి ఈ దారి తొందరపడి చెప్పను. ఈయన విషయంలో ఆ భయం లేదనుకున్నాను.

ఆ భయం వేరే వైపు నుంచి వచ్చింది.

బోర్డు ముందు పెట్టడానికి గత మూడేళ్ళ డిశ్చార్జ్ సమ్మరీలు తీశాం. ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరెందుకు లెండి, 2022లో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన సమ్మరీలో 'కర్ర సాయంతో నడుస్తున్నారు' అని ఉంది. 2022లో ఆయన స్పూను పట్టుకోలేరు. పాత సమ్మరీ తెరిచి తారీఖు మార్చి ప్రింటు కొట్టారు, అంతే. 2023లో ఇంకోటి, అందులోనూ అదే వాక్యం, అదే అక్షరదోషంతో సహా. ఆవిడకి ఇంగ్లీషు చదవడం అంతగా రాదు, ఆయనకి వచ్చు గానీ కాగితం చేతిలో పట్టుకోలేరు, రెండేళ్ళుగా ఎవరూ ఆ లైను చదవలేదు. బోర్డు చదివింది. 2024 జూన్‌లో స్ట్రెచర్ మీద తీసుకెళితే, బోర్డుకి పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసరు మనిషిని చూశారు, కాగితం చూశారు, మళ్ళీ మనిషిని చూశారు. "నా కళ్ళకి కనపడేది ఒకటి, మీ రికార్డు చెప్పేది ఇంకొకటి. న్యూరాలజీ రిపోర్టు కొత్తది తెండి, రోజూ ఆయనకి ఏం చేయాల్సి వస్తోందో ఆధారం తెండి" అని తారీఖు వాయిదా వేశారు. కోపం వచ్చిన మాట నిజమే. ఆలోచిస్తే ఆయన చేసింది సబబే, ఆ రోజే ఏదో ఒక శాతం రాసి పంపేసుంటే మేం ఆర్నెల్ల లోపు అప్పీలు, అది పోతే రెండో అప్పీలు, ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ అంటూ తిరగాల్సి వచ్చేది. కర్ణాటకలో ఉండేవాళ్ళకి ఆ ట్రిబ్యునల్ బెంచ్ కొచ్చిలో. బెంగళూరులో ఇన్ని సెంటర్లు ఉండి బెంచ్ లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

'రోజూ ఏం చేయాల్సి వస్తోందో ఆధారం.' ఇంటికి తిరిగి వెళ్తూ అంబులెన్సులో ఇదే ఆలోచిస్తున్నా. నర్సు ఉన్న ఇంట్లో అయితే నర్సింగ్ చార్టు ఉంటుంది. భార్య చేస్తే చార్టేముంటుంది? పోయినవారం రాత్రి ఎన్నిసార్లు లేచారని అడిగితే ఆవిడ "ఏమో, ఎవరు లెక్కపెట్టారు" అన్నారు. ఇంటి ముందు కొట్టులో ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి కొన్నాను, ఇరవై అయిదో ముప్ఫయ్యో తీసుకున్నాడు. "అక్కా, ఆయనకి ఏం చేసినా టైం వేసి రాయి. పెద్ద వాక్యాలు వద్దు. మరిచిపోతే మరిచిపోయానని రాయి, తర్వాత కూర్చుని నింపొద్దు." ఆఖరి మాట గట్టిగా చెప్పాను. అందంగా నింపిన చార్టు చూడగానే దొరికిపోతుంది.

ఆవిడ ఎనిమిది వారాలు రాశారు. ఒక రాత్రి ఇలా ఉంది, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"రా. 11 ఎడమకి తిప్పా. 1.10 కుడికి. 3.00 ఎడమకి. 3.20 తలనొప్పి అన్నారు, మొహమంతా చెమట. బీపీ 190. ట్యూబు తొడ కింద నలిగింది. సరిచేసి కూర్చోబెట్టా. 3.50 తగ్గింది. నిద్ర పట్టలా. 5.00 వెల్లకిలా. 6.00 మోషన్, గంట పట్టింది. 7.15 స్నానం, నేనొక్కదాన్నే. నడుం పట్టేసింది. 8.30 ఇడ్లీ మూడు తినిపిచ్చా. పాప కాలేజీకి టిఫిన్ కట్టలా."

ఆ 3.20 దగ్గర జరిగింది మామూలు తలనొప్పి కాదు. ఛాతీ పైభాగంలో, ఆరో పూస అంతకంటే పైన వెన్ను దెబ్బతిన్నవాళ్ళకి కింద ఎక్కడైనా ఇబ్బంది కలిగితే, ట్యూబు మూసుకుపోవడమో మలబద్ధకమో ఏదైనా సరే, శరీరం అదుపు తప్పి బీపీ ఒక్కసారిగా లేస్తుంది. ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా. ఆలస్యం చేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు, ప్రాణం పోవచ్చు. చేయాల్సింది వెంటనే కూర్చోబెట్టడం, కారణం వెతికి తీసేయడం. పదో తరగతి చదివిన మనిషి, అర్ధరాత్రి, ఒంటరిగా, అదే చేసింది. ఎనిమిది వారాల్లో నాలుగుసార్లు ఇలాంటివి ఉన్నాయి. 'అటెండెంట్ అవసరమా' అన్న ప్రశ్నకి దీనికంటే సూటి జవాబు ఏ స్పెషలిస్టు లెటర్‌హెడ్ మీదా రాదు.

తెలుగులో రాసింది బోర్డుకి అర్థం కాదు కదా. రెండు వారాల పేజీలు ఇంగ్లీషులోకి మార్చి టైపు చేశాను, పక్కనే ఒరిజినల్ పేజీ జిరాక్సు, ప్రతి పేజీ కింద ఆవిడ సంతకం. దాంతో పాటు బార్తెల్ ఇండెక్స్ జత చేశాం. తినడం, స్నానం, బట్టలు, మలమూత్రాలు, మంచం మీంచి కుర్చీలోకి మారడం లాంటి పది పనులకి 100 మార్కులు, ఎవరి సాయం లేకుండా చేస్తే నూరు. ఈయనకి వచ్చింది 5. ఆ అయిదూ ఇడ్లీ ముక్క నోట్లో పెడితే నమలగలరు, స్పూను చేతికి కట్టి తోడు పడితే ఒకటి రెండు ముద్దలు తానే తినగలరు కాబట్టి.

ఇంకొకటి అన్నిటికంటే ముఖ్యం, చాలా కేసులు ఇక్కడే కూలిపోతాయి. అవసరం అన్నది ఒప్పుకున్న వైకల్యం వల్లే వచ్చి ఉండాలి. 2013లో ఒప్పుకున్నది వెన్నుపూస దెబ్బని, ఇప్పుడు మనిషిని పడేసింది సిరింక్స్, అంటే వెన్నుపాములోని ఆ నీటి తిత్తి. ఇది వేరే జబ్బు అంటే కథ అయిపోయినట్టే. అందుకని న్యూరాలజిస్టు దగ్గర రెండు వాక్యాల కోసం మూడుసార్లు కూర్చున్నాం: 'ఈ సిరింక్స్ 2012 నాటి వెన్ను గాయం పర్యవసానం. ఇంకో కారణం కనిపించలేదు.' ఆయన మొదట ఇచ్చిన రిపోర్టులో సిరింక్స్ సైజు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, అన్నీ ఉన్నాయి, ఈ రెండు వాక్యాలు తప్ప. డాక్టరు తప్పు కాదు, వైద్యానికి ఆ వాక్యం అక్కర్లేదు, పెన్షన్‌కే కావాలి.

రెండోసారి బోర్డు సెప్టెంబరులో. టైపు చేసిన కాగితాలు తిరగేసి, ఒరిజినల్ నోటుబుక్కు అడిగారు. పేజీలు తిప్పారు. నీలం ఇంకు, నల్ల ఇంకు, ఒకచోట పెన్సిలు, ఒక పేజీ మీద పప్పు మరక, రెండు రోజులు 'జ్వరం, రాయలా' అని ఖాళీ. "ఆప్ నే లిఖా?" అని అడిగితే "హా సాబ్, మైనే" అన్నారావిడ. పదేళ్ళు ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉన్న మనిషి, హిందీకి తడుముకోరు. అంతకంటే ఎక్కువేం మాట్లాడలేదు లోపల. వైకల్యం 100 శాతం, అటెండెంట్ అవసరం, శాశ్వతం.

సవరించిన పీపీవో రావడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. ఈలోపు ఊరినుంచి ఆడపడుచు ఫోను: "ఆంధ్రాలో మంచాన పడ్డోళ్ళకి 15 వేలంట వదినా, మీరు ఊరికే కూర్చున్నారేంది." నిజమే, 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి భరోసా పెన్షన్ 15,000 చేశారు. కానీ అది ఆ రాష్ట్రంలో ఉండే పేద కుటుంబాలకి, సర్కారు పెన్షన్ తీసుకునే ఇంటికి కాదు. ఆవిడ రెండు రోజులు ఆశగా, ఆ తర్వాత రెండు రోజులు నా మీద అలకగా ఉన్నారు.

అదే వారం ఇంకో వీడియో చూపించారు, అమెరికాలో ఉండే తెలుగు నర్సు ఎవరో పెట్టింది. అక్కడ గాయపడిన సైనికుడిని చూసుకునే భార్యకి ప్రభుత్వమే నెలనెలా డబ్బిస్తుందట, నిజమేనా అని. నిజమే. 2010లో చేసిన చట్టం అది. మొదట్లో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత సర్వీసులో గాయపడినవాళ్ళ కుటుంబాలకే ఉండేది, 2018లో ఇంకో చట్టం తెచ్చి 2020 అక్టోబరులో వియత్నాం కాలం, అంతకుముందు వాళ్ళకీ, 2022 అక్టోబరు నుంచి మిగతా అందరికీ విస్తరించారు. 70 శాతం, ఆపైన రేటింగు ఉండాలి, కనీసం ఆర్నెల్ల పాటు మనిషి దగ్గరుండి చూసుకోవాల్సిన అవసరం ఉండాలి. డబ్బు చూసుకునే మనిషి పేరు మీదే వస్తుంది. ఆ మనిషికి వేరే ఇన్సూరెన్స్ లేకపోతే ఆరోగ్య బీమా ఇస్తారు, ఏడాదికి కనీసం 30 రోజులు బదులు మనిషిని పెట్టి విశ్రాంతి ఇస్తారు, కౌన్సెలింగ్ ఉంటుంది. ఇదంతా విని ఆవిడ అడిగింది డబ్బు గురించి కాదు. "ముప్ఫై రోజులు ఎవరొస్తారు ఇంటికి?" అని.

మన దగ్గర అలవెన్స్ పెన్షన్‌లో భాగం, ఆయన పేరు మీదే వస్తుంది. ఆవిడ ఏ ఫారంలోనూ 'భార్య' గడి దాటి ఎక్కడా లేరు. ఆ 'భార్య' గడి కూడా సరిగ్గా లేదని తర్వాత తెలిసింది.

అదెలాగంటే, పుండు కట్టుకి వచ్చిన ప్రతిసారీ ఆవిడ నడుం పట్టుకుని కూర్చునేవారు. ఎక్కడ చూపించుకుంటున్నావక్కా అంటే, వీధి చివరి క్లినిక్కు పేరు చెప్పారు, ప్రతిసారీ అయిదారు వందలు. ఈసీహెచ్ఎస్ ఉండగా అదేంటి? మాజీ సైనికులకీ, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళకీ 2003 ఏప్రిల్ నుంచి ఉన్న ఆరోగ్య పథకం, ఆయన మందులూ ట్యూబులూ అన్నీ ఆ పాలీక్లినిక్ నుంచే వస్తున్నాయి. ఆవిడకి కార్డే లేదు. కొత్త కార్డుకి పెట్టినప్పుడు తిరస్కరించారట, పేరు కలవలేదని. రికార్డుల్లో పెళ్ళి నమోదైనప్పుడు రాసిన పేరు చివర 'మ్మ' ఉంది, ముందు ఇంటిపేరు లేదు. ఆధార్‌లో చివర 'దేవి', ముందు ఇంటిపేరు పొడి అక్షరం. బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా, అదీ పేరు తర్వాత. ఒకే మనిషి, ముగ్గురు ఆడవాళ్ళు. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లతో కర్ణాటక ఆఫీసుల్లో పడే పాట్లు ఈ ఫైళ్ళలో నాకు రోజూ కనిపిస్తాయి.

ఇది ఆవిడ నడుం నొప్పితో ఆగేది కాదు. రేపు ఆయనకేమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్ ఈ పేరు మీదే రావాలి. మామూలు ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం, సర్వీసు కారణంగా మరణించారని ఒప్పుకుంటే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ 60 శాతం. అప్పుడు పేరు కోసం తిరగడం కన్నా ఇప్పుడే ఆయన బతికుండగా, ఆయనే దరఖాస్తుదారుగా దిద్దించుకోవడం పదిరెట్లు తేలిక. ఈ మాట ఆవిడ ముందు ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే ఆయనే అందుకున్నారు: "నేను పోయాక దీని పేరు ఏంటో నన్నడగడానికి పైకెవరొస్తారు, ఇప్పుడే రాయి." అఫిడవిట్, ఆధార్, జాయింట్ ఫోటో, జిల్లా సైనిక్ బోర్డు ధ్రువీకరణ పెట్టి రికార్డుల్లో మార్పించాం. పీపీవోలో ఆవిడ పేరు సరయ్యాక ఈసీహెచ్ఎస్ కార్డు కూడా వచ్చింది.

బ్యాంకు సంగతి క్లుప్తంగా. వేళ్ళు ముడుచుకుపోయాయి కాబట్టి సంతకం లేదు, వేలిముద్ర సరిగ్గా పడదు. ఒక బ్రాంచిలో "కోర్టు నుంచి గార్డియన్ ఆర్డరు తెచ్చుకోండి" అన్నారు, ఎవరో లాయరు దానికి ముప్ఫై వేలు అడిగాడు. ఆయనకి మతి స్థిమితంగా ఉంది, గార్డియన్ ఎందుకు? తలకి దెబ్బ తగిలి స్పృహ లేనివాళ్ళ సంగతి వేరు, అక్కడ హైకోర్టు దాకా వెళ్ళాల్సి వస్తుంది. చేతులు పనిచేయని పెన్షనరు కాలి బొటనవేలి ముద్ర వేయవచ్చని, ఇద్దరు సాక్షులుండాలని, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వ్ బ్యాంకు సూచనల్లోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాక మేనేజరు ఇంటికి వచ్చారు, మర్యాదగానే. ఖాతాని భార్యతో జాయింటుగా, 'ఇద్దరిలో ఎవరైనా' పద్ధతికి మార్చాం. నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌కి ఫోన్లో ముఖం గుర్తించే పద్ధతి వాడాం. కళ్ళు ఆర్పమంటే ఆయన కావాలని ఆర్పకుండా బిగబట్టి, "బతికున్నట్టు రుజువు ఇవ్వడం ఇంత సులువైతే ఎట్లా" అని ఆటపట్టించారు. మూడోసారికి తీసుకుంది.

కూతురికి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పెట్టించాం. మాజీ సైనికుల పిల్లలకి, వృత్తి విద్యా కోర్సులకి, ఆడపిల్లకి నెలకి 3,000, మగపిల్లవాడికి 2,500. కోర్సు మొదటి సంవత్సరంలోనే అప్లై చేయాలి, అది దాటితే అంతే. ఇంటర్లో 60 శాతం ఉండాలి. కొడుకు విషయంలో ఎవరూ చెప్పక అది పోయింది, వాడిప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.

పుణె దగ్గర ఖడ్కీలో 1974 నుంచి ఉన్న పారాప్లెజిక్ కేంద్రం గురించి కూడా చెప్పాను. వెన్ను దెబ్బతిన్న సైనికులు అక్కడే ఉంటారు, నోటితో కుంచె పట్టి బొమ్మలు వేసేవాళ్ళున్నారు, ఆటలాడేవాళ్ళున్నారు. ఆయన ఆసక్తిగా విన్నారు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు, అయితే నా ఫైల్లో అది 'వద్దన్నారు' అని కాదు, 'ఇప్పుడు కాదు' అని ఉంది. ఆవిడ వయసు యాభైకి దగ్గరపడుతోంది, ఆయన బరువు 68 కిలోలు.

2025 ఫిబ్రవరిలో అలవెన్స్, పెరిగిన ఎలిమెంట్, బకాయిలతో కలిపి ఖాతాలో పడ్డాయి. ఇరవై నాలుగ్గంటల అటెండరుకి ఏజెన్సీ 25 వేలు చెప్పింది, అంటే వచ్చే అలవెన్స్ అందులో మూడోవంతు. అందుకని లెక్క తిరగేశాం: ఆవిడ నోటుబుక్కులో నడుం అన్న మాట ఎక్కువగా ఎక్కడ వస్తోందో చూస్తే పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య, మోషన్, స్నానం, కుర్చీలోకి ఎత్తడం. ఆ రెండు గంటలకే దగ్గర్లో ఉండే కుర్రాణ్ణి, ఇంతకుముందు ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేసినవాణ్ణి, నెలకి ఏడు వేలకి మాట్లాడాం. స్లింగ్ (మనిషిని ఎత్తే పట్టీ) వేసి ఎలా ఎత్తాలో మా ఫిజియో వెళ్ళి ఇద్దరికీ చూపించింది. పుండు మానింది.

పోయిన వారం నోటుబుక్కు ఇక ఆపేయొచ్చక్కా అన్నాను, పెన్షన్ వాళ్ళకి దాంతో పని అయిపోయింది కదా అని. అప్పటికే రెండోది మొదలుపెట్టారట. రాత్రి ట్యూబు ఎన్నింటికి చూసిందీ రాసుంటే పొద్దున వచ్చే కుర్రాడికి చెప్పక్కర్లేదన్నారు. ఆ మధ్యాహ్నం మూడింటికి పాలీక్లినిక్‌లో ఆవిడ నడుం ఎక్స్‌రేకి టైం ఇచ్చారు, కూతురు కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది, నేను ఆటో మాట్లాడాను.